పదిహేడో పుస్తకం చివరి కాగితం

“బైబిలు పెట్టే గూట్లో దెయ్యం బొమ్మ పెట్టుకున్న ఇల్లు నేనింతవరకూ చూళ్ళేదు,” అంది ఆదెమ్మ. పొద్దున లేచినప్పటి నుంచీ ఆ మాట అనడం అది మూడోసారి.

“అది దెయ్యం బొమ్మ కాదత్తయ్యా, కేసు పుస్తకం,” అంది కృపాజ్యోతి ఇడ్లీ రేకులు కడుగుతూ.

“కొమ్ములున్నయ్యి, నాలిక బయటికుంది. దెయ్యం కాకపోతే మీ మేనమామా?”

“వాషింగ్ మెషీన్ మీద పెట్టు, గొడవ వదిలిపోద్ది,” అన్నాడు ఆమె భర్త రూబెన్, స్కూలుకు బయల్దేరబోతూ.

“తడిస్తే? నలభై ఏళ్ళ కాగితం. మనింట్లో చేతులు కడుక్కోకుండా ఎవరూ ముట్టని చోటు ఆ గూడొక్కటే. అందుకే పెట్టా.”

“బీరువాలో పెట్టు మరి.”

“బీరువాలో నా చీరలున్నయ్యి,” అంది ఆదెమ్మ. “ఆ నాలిక నా చీరల మీద పడనియ్యను.”

జాయిస్ తల దువ్వుకుంటూ వచ్చి నానమ్మ భుజం మీద గడ్డం ఆనించింది. “నానమ్మా, పైన బొమ్మే భయంగా ఉంది గానీ కథలో అసలు దెయ్యమే లేదు. బావి మెట్లు లెక్కపెట్టేది ఒక గుడ్డి తల్లి. కొడుకు కోసం వెతుక్కుంటా ఉంటది. చివర్లో తెలుస్తది.”

“అట్టానా?” ఆదెమ్మ గొంతు కాస్త మెత్తబడింది. “అయినా నిన్న ఆ అబ్బాయి అట్ట వేయించి తెస్తానన్నప్పుడు ఇచ్చి పంపితే పీడా పోయేది. ఈ పిల్లే ఇయ్యనిచ్చింది కాదు.”

“ఏ అబ్బాయి?” అంది జ్యోతి. నిన్న సాయంత్రం ఆమె ఇంట్లో లేదు.

“నా స్టూడెంటులే,” అన్నాడు రూబెన్. “పాత బ్యాచ్.”

అయ్యవారి ఇంటికి పాత స్టూడెంట్లు రావడం వింత కాదు. నెలకు నలుగురైదుగురు వస్తారు, కాఫీ తాగుతారు, దణ్ణం పెట్టి పోతారు. కేసు పుస్తకం ఎవరికీ చూపించొద్దని మాత్రం చెప్పి, జ్యోతి బస్సు టైమవుతోందని బయటపడింది. ఆ పొద్దుట తన చెవిన పడిన రెండు మాటల్నీ ఆమె అలా వదిలేసింది. వదిలేసినందుకు సాయంత్రం దాకా చెప్పుతో కొట్టుకున్నంత పనయింది.

కృపాజ్యోతి పద్దెనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా మోకాళ్ళ నొప్పులతో బయటికొచ్చిన మనిషి. నందిగామలో ఇంటి ముందు గదికే బోర్డు కట్టి మూడేళ్ళుగా ఎంక్వయిరీలు చేస్తోంది. పెళ్ళికొడుకు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఇదివరకు పెళ్ళయిందా, ఇవే కేసులు. రక్తం మరకలున్న కేసు ఇదొక్కటే.

సోమవారం జగ్గయ్యపేటలో సుభాని అనే డెబ్బై నాలుగేళ్ళ పెద్దాయన తన పుస్తకాల గదిలో తల పగిలి పడి ఉన్నాడు. ఒకప్పుడు ఆయన బస్టాండు దగ్గర బొమ్మల కథల పుస్తకాలు, డిటెక్టివ్ నవలలు అద్దెకిచ్చేవాడు. ఆయన అలమరలో ప్రాణంగా దాచుకున్న ఇరవై నాలుగు భయానక బొమ్మల పుస్తకాల్లో ఇరవై మూడు మాయమయ్యాయి. పదిహేడో నంబరు ‘పన్నెండో మెట్టు’ ఒక్కటే ఆయన దిండు కింద ఉండి మిగిలింది. సుభాని విజయవాడ ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. “అది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టట్లేదక్కా, దానికోసం మళ్ళీ వస్తారు,” అని బుధవారం ఆయన కూతురు వజీరా ఆ పుస్తకం జ్యోతి చేతుల్లో పెట్టింది. జ్యోతి ధైర్యంగానే తెచ్చుకుంది. తెచ్చిన దగ్గర్నుంచీ మాత్రం గేటు చప్పుడైతే చాలు, చేతిలో పని ఆగిపోతోంది.

* * *

పదీ నలభైకి జ్యోతి సుభాని ఇంటి గుమ్మం దాటుతుంటే పై కమ్మి నుదుటికి కొట్టుకుంది. బుధవారం తగిలిన చోటే మళ్ళీ తగిలింది.

“కొత్తోళ్ళందరికీ తగుల్తది మేడం,” అన్నాడు వజీరా భర్త ఫారూఖ్ కంగారుగా. “పాతకాలం గుమ్మం. నాలుగుసార్లు తగిలితే గానీ ఒంగటం అలవాటు కాదు.”

పుస్తకాల గది చిన్నది. ఒక గోడకు అటక, దానికి చేరేసిన చెక్క నిచ్చెన. దాని కింద నాపరాయి మీద కడిగినా పోని మరక. కిటికీ దగ్గర బల్ల, రెండు స్టూళ్ళు. సుభాని నిచ్చెన మీంచి జారి పడ్డాడని ఊరంతా అనుకుంటోంది.

జ్యోతి నిచ్చెన మెట్ల మీద వేలితో గీసింది. వేలి కొనకు దుమ్ము మందంగా అంటింది. ఏడు మెట్లూ అంతే. ఎవరూ కాలు పెట్టి చాలా కాలమైంది.

“మీ నాన్నగారు నిచ్చెన ఎక్కుతారా?”

“భుజం పట్టేసిన కాడ్నుంచీ ఎక్కట్లేదక్కా. రెండేళ్ళయింది. ఏదన్నా కావాలంటే ఈయన్నే ఎక్కమంటాడు.”

“కళ్ళజోడు ఎక్కడ దొరికింది?”

“బల్ల మీద. మడతపెట్టి ఉంది.”

“సోమవారం నువ్వు అంగన్‌వాడీ నుంచి వచ్చింది ఒంటిగంటంబావుకి. వచ్చీ రాగానే ఏం చూశావో, ఏం ముట్టుకున్నావో చెప్పు. కడిగినవీ తుడిచినవీ కూడా.”

వజీరా ఆలోచించింది. “అంబులెన్సు వచ్చేలోగా చేతులు ఊరుకోక బల్ల మీద గ్లాసులు తీసి కడిగా. ఒకటి నాన్న స్టీలు గ్లాసు. ఒకటి గాజుది...” అని ఆగిపోయింది. “గాజు గ్లాసులు వచ్చినోళ్ళకే తీస్తాం అక్కా.”

“అంటే ఎవరో వచ్చారు. మీ నాన్నే టీ పెట్టిచ్చారు. తెలిసినవాడో, తెలిసినట్టు మాట్లాడినవాడో.”

బల్ల కింద ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. తాళం ఊడి ఉంది. పగలగొట్టింది కాదు, తాళంచెవి దానికే వేలాడుతోంది. లోపల ఖాళీ.

“ఇందులో ఏముండేది?”

“చివరి కాగితాలు,” అంది వజీరా. జ్యోతికి అర్థం కాలేదని గమనించి వివరంగా చెప్పింది. “అద్దెకు తీసుకున్నోళ్ళు పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్ళు కాదక్కా. అందుకని నాన్న ప్రతి పుస్తకానికీ చివరి కాగితం జాగ్రత్తగా విప్పి ఈ డబ్బాలో పెట్టేవాడు. హంతకుడెవరో, దెయ్యం ఏమైందో తెలియాలంటే పుస్తకం తెచ్చి ఇయ్యాల్సిందే. తెచ్చిస్తే ఇదిగో ఈ స్టూలు మీద కూచోబెట్టి చివరి కాగితం చేతికిచ్చేవాడు. అక్కడే చదివి ఇచ్చిపోవాలి. ఒక్క పుస్తకం పోలేదంట. షాపు ఎత్తేశాక కూడా మళ్ళీ అతికించలేదు.”

“తాళంచెవి?”

“బనీనుకి పిన్నీసుతో పెట్టుకుంటాడు. ఎవరికీ ఇయ్యడు.”

“ఆయనే తెరిచి చూపించారు. వచ్చినవాడు కాగితాలతో సహా పట్టుకుపోయాడు. చివరి కాగితం లేని పుస్తకానికి విలువ ఉండదని వాడికి తెలుసు.” జ్యోతి ఫారూఖ్ వైపు తిరిగింది. “ఇవి ఇంట్లో ఉన్నాయని బయట ఎవరికి తెలుసు?”

ఫారూఖ్ గోడ వైపు చూశాడు. అతను ముక్త్యాల నుంచి సిమెంటు లారీ తోలుతాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టి మళ్ళీ తీశాడు.

“అబద్ధం చెప్పేవాడు ఇంత సేపు తీసుకోడు ఫారూఖ్. చెప్పు.”

“నెల కింద ఫోన్లో ఫొటోలు పెట్టా మేడం. పాత పుస్తకాల గ్రూపొకటుంటే. పాకెట్ సైజు డిటెక్టివ్ నవలల అట్టల మీద హంతకుడి బొమ్మ ఉంటదే, అదే అచ్చు బ్లాకుకి కొమ్ములు తగిలించి ఈ దెయ్యాల పుస్తకాల అట్టలు వేశారంట ఆ రోజుల్లో. మామ ఎప్పుడూ చెప్తాడు. రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీశా. అమ్ముతారా అని చాలామంది అడిగారు. మామ అమ్మనన్నాడు. అంతే. ఆ ఫొటోలే ఆయన్ని పడేసినయ్యి.”

వజీరా మొగుడి వైపు చూడలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

“మంచి ఫొటోలు తీశావయ్యా, నేనూ చూశా. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు మానేసి ఇటొచ్చారేంటి జ్యోతి గారూ?” ఫారూఖ్‌తో మొదలెట్టిన మాట జ్యోతితో పూర్తి చేస్తూ, ఆపకుండానే తల వంచి గుమ్మం దాటి లోపలికొచ్చాడు కొండలరావు. ఆరడుగుల మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి. విజయవాడలో ప్రైవేటు డిటెక్టివు. పెద్ద ఆఫీసుంది, చేతికింద మనుషులున్నారు. ఈ పుస్తకాలు కొనదలచిన ఒక పెద్దమనిషి తరఫున వస్తున్నానని ముందురోజు పొద్దున్నే వజీరాకు ఫోన్ చేసి చెప్పాడు, మిగిలిన పుస్తకం ఎవరి దగ్గరుందో కూడా ఆరా తీశాడు.

జ్యోతి నుదురు తడుముకుంది. “ఈ ఇంటికి రావడం ఇదే మొదలాండీ?”

“ఈ ఊళ్ళోకి రావడమే ఇది మొదలు. హైవే మీద పోవడమే గానీ లోపలికి ఎప్పుడొచ్చాం?” అతను అలమరలోంచి ఒక పాత డిటెక్టివ్ నవల తీశాడు. తీసే ముందు జేబురుమాలుతో రెండు చేతులూ తుడుచుకున్నాడు. పై మూల దగ్గర రెండు వేళ్ళతో కాగితాలు తిప్పి, వాసన చూసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. “ఈ చెత్త మీద నాకు ఇంట్రెస్టేం లేదండి. డ్యూటీ. అయినా ఇందులో తేల్చడానికేముంది? పెద్దాయన జారాడు. అల్లుడొచ్చి చూశాడు, పుస్తకాలు సర్దుకున్నాడు, గమ్మునున్నాడు.”

“ఎవుడ్రా సర్దుకుంది?” ఫారూఖ్ ముందుకొచ్చాడు. వజీరా అతని చొక్కా పట్టుకుంది.

“సోమవారం తొమ్మిదీ యాభైకి ఫారూఖ్ లారీ ముక్త్యాల ఫ్యాక్టరీ గేట్లోకి వెళ్ళింది,” అంది జ్యోతి. “పన్నెండూ ఇరవైకి బయటికొచ్చింది. గేటు స్లిప్పు నేను చూశా.”

“అక్కణ్ణుంచి అరగంట. పన్నెండూ యాభైకి ఇక్కడుంటాడు. కూతురొచ్చింది ఒంటిగంటంబావుకి. ఇరవై ఐదు నిమిషాలు. లెక్క రాదాండీ మీకు?”

“వస్తది. పదిన్నరకి సుభాని గారు పక్కింటి రాఘవమ్మ గారికి గోడ మీంచి కరివేపాకు అందించారు. ధబ్బుమన్న చప్పుడు ఆవిడ విన్నది పదకొండుంబావుకి. పచ్చడి తిప్పుతా మిక్సీ ఆపి మరీ విన్నారు. పిల్లి ఏదో పడేసిందనుకున్నారు. పదకొండుంబావుకి ఫారూఖ్ ఫ్యాక్టరీలో క్యూలో ఉన్నాడు. మీరెక్కడున్నారండీ ఆ టైముకి?”

కొండలరావు నవ్వాడు. నవ్వు కళ్ళ దాకా పోలేదు. “పక్కింటామె మిక్సీని నమ్ముకుని కేసు నడుపుతున్నారా? పెళ్ళిళ్ళే చూసుకోండి, మీకదే నయం.”

“మిక్సీ అబద్ధం చెప్పదుగా.”

అతను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “మిగిలిన పుస్తకం మాత్రం జాగ్రత్తండి. పగలంతా మీ ఇంట్లో ముసలావిడ తప్ప ఎవరూ ఉండరు.”

“మా ఇంటి సంగతి మీకెట్లా తెలుసు?”

“డిటెక్టివునండి,” అంటూ తల వంచి బయటికెళ్ళిపోయాడు. గుమ్మం అతనికి తగల్లేదు.

జ్యోతి స్టూలు మీద కూచుంది. మొదటిసారి వచ్చానన్నవాడు గుమ్మానికి వంగడం ఎక్కడ నేర్చుకున్నాడు? ఇంట్రెస్టు లేదన్నవాడు చేతులు తుడుచుకుని మరీ పుస్తకం ముట్టుకున్నాడెందుకు? కానీ ఇవి చెబితే ఎస్సై కూడా నవ్వుతాడు. చేతికి చిక్కేది ఒకటి కావాలి.

“వజీరా, పదిహేడో పుస్తకం కాగితం కూడా ఆ డబ్బాలోనే ఉండేదా?”

వజీరా కళ్ళు తుడుచుకుంది. “ఉండేది. అది అచ్చు కాగితం కాదక్కా. నాన్న వేసింది.”

“వేసింది అంటే?”

“అసలు కాగితం ఎవరో జేబులో పెట్టుకుపోయారంట. అందులో మాంత్రికుడు దెయ్యాన్ని సీసాలో దింపుతాడంట. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ పుస్తకం దొంగతనంగా చదివి జ్వరం తెచ్చుకున్నా. సాయంత్రమైతే బావిలోంచి మెట్లు లెక్కపెడుతున్నట్టు వినపడేది, ఒకటి, రెండు, మూడు అని. సీసాలో ఉంది కదా అని నాన్న ఎంత చెప్పినా, సీసా పగిలితే అని ఏడ్చేదాన్ని. అప్పుడు నాన్న బాల్‌పెన్నుతో ఆయనే చివరి కాగితం వేశాడు. దెయ్యం కాదమ్మా, గుడ్డి తల్లి, కొడుకు పన్నెండో మెట్టు కాడ కలుస్తానన్నాడు, అందుకని లెక్కపెట్టుకుంటా ఎక్కుతాంది అని రాశాడు. ఆ రోజు నిద్రపోయా.”

జ్యోతి స్టూలు మీంచి లేచి నిలబడింది.

“ఆ తర్వాత ఆ పుస్తకం అద్దెకే ఇయ్యలేదు. ఆ కాగితం నాన్నా నేనూ తప్ప ఎవరూ చదవలేదు. ఈయనకి కూడా చూపించలేదు. ఏంటక్కా, అట్టా అయిపోయావు?”

బావి మెట్లు లెక్కపెట్టేది ఒక గుడ్డి తల్లి. కొడుకు కోసం వెతుక్కుంటా ఉంటది. పొద్దున తన ఇంట్లో, తన కూతురి నోట విన్న మాటలవి. ఇంట్లో ఉన్న పుస్తకానికి చివరి కాగితం లేదు.

జాయిస్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. క్లాసులో తీయించి పెడతారని తెలుసు. తెలిసినా నాలుగుసార్లు చేసింది.

* * *

నందిగామ బస్సు నలభై నిమిషాలు పట్టింది. జ్యోతి ఇంటికి చేరేసరికి ఆదెమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. పుస్తకం వాషింగ్ మెషీన్ మీద ఉంది, కింద ప్లాస్టిక్ కవరు పరిచి.

“నిన్న వచ్చిన అబ్బాయి ఎట్టా ఉంటాడత్తయ్యా?”

“పొడుగు. మర్యాదస్తుడు. నాలుగింటికొచ్చాడు, సారు ఇంకా రాలేదంటే కూచుంటానన్నాడు. కాఫీ ఇచ్చా. పుస్తకం చూసి, ముట్టుకునే ముందు జేబురుమాలు తీసి రెండు చేతులూ తుడుచుకున్నాడు. బైబిలుకి కూడా ఇంత మర్యాద ఇచ్చేవాళ్ళు లేరీ రోజుల్లో, అనుకున్నా.”

జ్యోతి వెళ్ళి గేటు గడియ వేసింది.

నాలుగున్నరకు రూబెన్ వచ్చాడు.

“నిన్నటి మీ స్టూడెంటు పేరేంటండీ?”

“పేరా... నిన్న మీటింగుండి ఆరింటికొచ్చా. గేటు దగ్గర ఎదురొచ్చి నమస్తే సార్, గుర్తున్నానా అన్నాడు. ఎందుకు గుర్తులేవురా అన్నా.”

“గుర్తున్నాడా?”

రూబెన్ సంచి కింద పెట్టాడు. “ఇరవై ఆరేళ్ళ సర్వీసు జ్యోతీ. ఎంతమందిని గుర్తుపెట్టుకుంటా? గుర్తులేదంటే పిల్లలు చిన్నబోతారు. అందరితో అదే అంటా.”

అతని తప్పేమీ లేదు. అయ్యవార్లంతా అదే అంటారు. వచ్చినవాడికీ ఆ సంగతి తెలుసు.

జ్యోతి బయటికొచ్చింది. మెట్ల మీద కూచుని గేటు వైపు చూస్తూ ఉండిపోయింది. ఐదూ పదికి రావలసిన కాలేజీ బస్సు ఐదూ పావైనా రాలేదు. ఐదూ ఇరవై రెండుకి జాయిస్ సందు మలుపులో కనిపించింది, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, బ్యాగు ఒక భుజానికి వేసుకుని. జ్యోతి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది.

“ఏంటి మమ్మీ, అందరూ చూస్తన్నారు.”

“పన్నెండో మెట్టు కథ చివర నీకు ఎవరు చెప్పారు?”

“నిన్న వచ్చిన అన్న. చివరి పేజీ లేదని నేను గొడవ పడుతుంటే ఆయన చెప్పాడు. చెప్తా ఉంటే ఆయన గొంతే మారిపోయింది. తెగ ఇష్టం అనుకుంటా ఆయనకి.” జాయిస్ తల్లి మొహం చూసి నెమ్మదించింది. “నీకు చెప్పొద్దన్నాడు. సర్‌ప్రైజ్ అన్నాడు. ఆ చివరి పేజీ ఆయన దగ్గరుందంట. పుస్తకం తెస్తే అతికించి ఇస్తానన్నాడు.”

“ఎక్కడికి తెమ్మన్నాడు?”

జాయిస్ ఫోన్ తీసి చూపించింది. మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు వచ్చిన మెసేజ్. కొండలరావు జగ్గయ్యపేటలో గుమ్మం దాటి వెళ్ళిన గంటన్నరకు పంపాడన్నమాట. *రేపు ఏడూ నలభై. చందర్లపాడు రోడ్డు మలుపు. కాలేజీ బస్సు వచ్చే ముందే రా. పుస్తకం మర్చిపోకు. అమ్మ దాచిపెట్టినా తే.*

వజీరాకు నిద్ర పట్టడానికి ఒక తండ్రి రాసిన ముగింపు అది. దాన్నే ఎరగా చేసి తన కూతుర్ని రోడ్డు మలుపుకు పిలిచాడు. పుస్తకం తెచ్చిచ్చిన పిల్ల అతని మొహం చూసిన పిల్ల కూడా. సుభాని కూడా అతని మొహం చూశాడు.

జ్యోతి ముందు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఫోన్లు చేసింది. ఒకటి జగ్గయ్యపేట ఎస్సైకి. గుమ్మం గురించి చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. మెసేజ్ చదివి వినిపించాక అది ఏ నంబరు నుంచి వచ్చిందో అడిగి రాసుకున్నాడు. రెండోది వజీరాకు. ఆసుపత్రిలో నాన్న మంచం దగ్గర నుంచి రాత్రంతా ఫారూఖ్ కదలకూడదని చెప్పింది.

ఆరున్నరకు రోజూలాగే చాప పరిచారు. ఆదెమ్మ పాట ఎత్తుకుంది గానీ రెండో చరణం మర్చిపోయింది. జాయిస్ అందించింది. ప్రార్థన అయ్యి ఆమేన్ అన్నాక కూడా ఎవరూ లేవలేదు. రూబెన్ తల దించుకునే ఉన్నాడు. ఆదెమ్మ మాత్రం చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచి, పంపు దగ్గర చేతులు కడుక్కుని, వాషింగ్ మెషీన్ మీది పుస్తకం తెచ్చి, కొమ్ముల బొమ్మ కిందికి తిప్పి, బైబిలు పక్కన గూట్లో పెట్టింది.

“తెల్లారేదాకా అక్కడే ఉండనీ,” అంది.

జ్యోతి చాప అంచు సవరించింది. గొంతు, రేపు కూరేం చెయ్యాలో చెబుతున్నట్టుగా, మామూలుగా వచ్చింది.

“రేపు జాయిస్ కాలేజీకి వెళ్ళదు. మీరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. గేటుకు తాళం, ఎవరు నమస్తే సార్ అన్నా తీయొద్దు. ఏడూ నలభైకి ఆ మలుపు దగ్గరికి నేను వెళ్తా, పిల్ల పుస్తకం మర్చిపోయింది, నేను తెచ్చా అని. ఎస్సై పంపే పోలీసులు ఇద్దరు మఫ్టీలో టీ బండి దగ్గర ఉంటారు. కాగితం అతని జేబులోంచి బయటికి రావాలి, అది వాళ్ళు కళ్ళారా చూడాలి. అందుకని అతన్ని నేనే అడుగుతా, సుభాని గారి షాపు పద్ధతి తిరగేసి. ముందు చివరి కాగితం. తర్వాతే పుస్తకం.”